అడుగులు లెక్కపెట్టే ముందు నడిచే చోటు చూపించండి

ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,
వైద్య ఆరోగ్యశాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,
గోపాలపురం శాసనసభ్యులు శ్రీ మద్దిపాటి వెంకటరాజు గారికి,
తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి,

నల్లజర్ల నుంచి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఆరోగ్యాన్ని ఫోన్లోకి తేవాలని మీరు పట్టుదలగా ఉన్నారు. 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోకి తెచ్చారు. అదే ఏడాది జూలైలో కుప్పంలో టాటా సంస్థతో కలిసి డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభించారు. ‘సంజీవని’ పేరుతో రాష్ట్రమంతా డిజిటల్ ఆరోగ్య సేవలు విస్తరిస్తామంటున్నారు. మాకు అభ్యంతరం లేదు. బీపీ, షుగరు లేని ఇల్లు ఏ వీధిలో ఉందో వెతుక్కోవలసిన కాలంలో ఏ సాయం వచ్చినా మంచిదే. అయితే ఇలాంటి ప్రయోగం మా పాత పశ్చిమ గోదావరి జిల్లాలో ఒకసారి జరిగిపోయింది. దాని ఫలితం అచ్చులో ఉంది. కొత్తది మొదలుపెట్టే ముందు ఆ పాత పాఠం ఒకసారి తిరగేయమని అడగడానికే ఈ లేఖ.

ముందు మా మెట్ట సంగతి చెప్పాలి. నల్లజర్ల, దేవరపల్లి, ద్వారకా తిరుమల చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయం బోర్ల మీద నడుస్తుంది. ఆయిల్‌పామ్, కొబ్బరి, కోకో, నిమ్మ, మొక్కజొన్న, పొగాకు ఏది వేసినా నీళ్లు మోటారే ఇవ్వాలి. ఇదివరకు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు రైతు తోటకు వెళ్లి మోటారు వేసి రావలసి వచ్చేది. తెల్లారగట్ల ఒకసారి, రాత్రి మరోసారి నడక తప్పేది కాదు. ఇప్పుడు స్టార్టరు పెట్టెలో సిమ్ కార్డు పెట్టించుకుంటే ఇంట్లో మంచం మీద నుంచే ఫోన్ చేసి మోటారు వేయొచ్చు, కట్టేయొచ్చు. చీకట్లో పాముల భయం లేదు, షాకు కొట్టే ప్రమాదం లేదు, నిద్ర చెడదు. ఎవరూ కాదనలేని మేలు అది. కానీ రోజుకు రెండు మూడు కిలోమీటర్ల నడకను కూడా ఆ ఫోనే తీసుకుపోయింది. తోటకు వెళ్లినా బండి మీదే. దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది. కూలి పనికి వెళ్లే ఆడవాళ్లూ మగవాళ్లూ ఇప్పటికీ ఒళ్లు వంచుతున్నారు. భూమి ఉన్నవాడు, కౌలుకిచ్చినవాడు, కొట్టు పెట్టుకున్నవాడు, ఉద్యోగి మాత్రం ఊళ్లో ఉంటూనే పట్నంవాళ్లలా కూర్చున్నచోటే ఉంటున్నారు. పల్లె మనిషికి వ్యాయామం దేనికి అనే పాత మాట మా ఊళ్లో ఇక చెల్లదు. అడుగులు తీసుకుపోయిన ఆ ఫోన్‌తోనే కొన్ని అడుగులు తిరిగి వేయించాలన్న ఆలోచన అందుకే సబబుగా ఉంది.

గోదావరి పల్లెల జబ్బుల లెక్క కొత్తదేమీ కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో పరిశోధకులు ఇంటింటికీ తిరిగి ఏడాదిలో ఎవరు దేనితో చనిపోయారో రాసుకున్నారు. లక్షా ఎనభై వేల జనాభాలో 1,354 మరణాలు. వాటిలో దాదాపు మూడో వంతు గుండె జబ్బులు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులవి. అంటురోగాలతో పోయినవారు నూటికి 12 మంది. ఆ రోజుల్లోనే 20 గ్రామాల్లో చేసిన మరో పరిశీలనలో 30 ఏళ్లు దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. అందులో దాదాపు సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. అప్పటికి మా ఊళ్లలో ఇన్ని మోటారు సైకిళ్లు లేవు, ఇన్ని నూడిల్స్ బళ్లు లేవు, చేతిలో బొమ్మలాడే ఫోన్ లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి దేశంలో పెద్దవాళ్లలో సగం మంది చాలినంత ఒళ్లు కదపడం లేదు. ఆడవాళ్లలో అది నూటికి 57.

ఇక ఆ పాత పాఠం. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే సంస్థ పదేళ్ల కిందట పశ్చిమ గోదావరి జిల్లాలో ‘స్మార్ట్ హెల్త్’ పేరుతో పెద్ద ప్రయోగం చేసింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వాటి కింద 54 గ్రామాలు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ఆశా ఇంటికి వెళ్లి 40 దాటినవారికి బీపీ చూసి, పొగ తాగుతారా, ఇదివరకు గుండె జబ్బు ఉందా అని అడిగి వివరాలు ఎక్కిస్తే, రాబోయే పదేళ్లలో గుండెపోటుకో పక్షవాతానికో ఎంత అవకాశం ఉందో ట్యాబ్ చెప్పేది. ముప్పు ఎక్కువగా ఉన్నవారి పేర్లు డాక్టరు ట్యాబ్‌కు వెళ్లేవి. ఏ మందు వాడాలో డాక్టరుకు సలహా, మళ్లీ ఎవరిని కలవాలో ఆశాకు జాబితా అందులోనే వచ్చేవి. పదో తరగతి దాకా చదివిన ఒక ఆడమనిషి ఇంటి అరుగు మీద కూర్చుని గుండె జబ్బు ముప్పు లెక్కగట్టగలదని మా జిల్లా ప్రపంచానికి చూపించింది. దానికి మేము గర్వపడుతున్నాం.

కానీ 2019లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన తుది ఫలితం వేరే మాట చెప్పింది. బీపీ అదుపులో ఉన్నవారి శాతం ట్యాబ్‌లు రాకముందుతో పోలిస్తే చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. పరికరం పనిచేసింది, ఆశాలు పనిచేశారు. ముప్పు ఉందని తెలిసినవాడు ఆ మర్నాడు ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే తెగింది. డాక్టరు ఉన్న రోజు ఇతనికి కుదరదు, ఇతనికి కుదిరిన రోజు డాక్టరు ఉండడు. ఉన్నా నెలకు సరిపడా మాత్రలు దొరకవు. ఒకసారి వచ్చి తిరిగి వెళ్లినవాడు రెండోసారి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకే వెళ్తాడు. కూలి పోగొట్టుకుని పీహెచ్‌సీ మెట్లెక్కి వట్టి చేతులతో వచ్చినవాణ్ణి యాప్ ఎన్ని సందేశాలు పంపినా కదిలించలేదు.

కొల్లేరు వైపు చేపల రైతుకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ప్రాణవాయువు మీటరు పెట్టి చూస్తాడు. అంకె పడిపోతే వెంటనే ఏరియేటరు తిప్పుతాడు. ఏరియేటరు లేని చెరువు గట్టు మీద ఎంత ఖరీదైన మీటరు పెట్టినా చేప బతకదు. మీరు ఇప్పటిదాకా మాకు మీటర్లు ఇస్తూ వచ్చారు. ఏరియేటర్ల సంగతి ఈ లేఖలో అడుగుతున్నాం.

ఫోన్ వల్ల ఏమీ కాదని మా మాట కాదు. దక్షిణ భారతంలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వచ్చే అంచున ఉన్న 537 మంది పని చేసే మగవాళ్లను రెండేళ్ల పాటు చూసింది. అందరికీ మొదట ఒకే సలహా ఇచ్చారు: ఏం తినాలి, ఎంత నడవాలి. సగం మందికి మాత్రం ఆ తర్వాత మామూలు ఎస్‌ఎంఎస్‌లు క్రమంగా పంపుతూ వచ్చారు. యాప్ లేదు, గడియారం లేదు, రంగుల బొమ్మలు లేవు. సందేశాలు అందనివారిలో నూటికి 27 మందికి షుగరు వచ్చింది. అందినవారిలో అది 18. ఈ ఫలితం 2013లో వెలువడింది. అందులో గమనించవలసినవి రెండున్నాయి. సందేశం మొదలయ్యే ముందు ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. సందేశం అందుకునేవాడి మనసు స్థితిని బట్టి, అంటే ఇంకా ఆలోచిస్తున్నాడా, మొదలుపెట్టాడా, మానేశాడా అన్నదాన్ని బట్టి సందేశం మారింది. అందరికీ ఒకే ‘రోజూ వ్యాయామం చేయండి’ అని కొట్టిన మెసేజీ కాదు అది.

మా ఊళ్లో ఇప్పుడు జరుగుతున్నది చూడండి. ఆశా కార్యకర్త 30 దాటినవారి ఇంటికి వచ్చి అంటువ్యాధులు కాని జబ్బుల (ఎన్‌సీడీ) జాతీయ కార్యక్రమం కింద ఒక ఫారం నింపుతుంది. వయసెంత, పొగాకు అలవాటుందా, రోజూ మందు తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నాయా అని అడుగుతుంది. వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదిపే పని చేస్తారా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. లేదంటే ఒక మార్కు పడుతుంది. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. పరీక్షలో బీపీ ఎక్కువని తేలితే మాత్ర వస్తుంది. షుగరు ఉంటే మాత్ర వస్తుంది. ఒళ్లు కదపడం లేదని తేలినవాడికి మాత్రం ఏమీ రాదు. ఆ మార్కు పోర్టల్లోకి ఎక్కి అక్కడే ఉండిపోతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాడికి ఆ తర్వాత ఏం చేయాలో చెప్పే మనిషి గానీ, నడవడానికి చోటు గానీ వ్యవస్థలో లేవు. మీ కొత్త డిజిటల్ ప్రయత్నం మొదలవ్వాల్సిన చోటు సరిగ్గా అదే.

చోటు సంగతి చెప్పాలి. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లే నాలుగు వరుసల జాతీయ రహదారి మా మండలం మీదుగా పోతోంది. రోడ్డు బాగుంది. దాని మీద లారీలు ఎంత వేగంగా వెళ్తాయో చెప్పనక్కర్లేదు. డాక్టరు నడవమన్నాడని పొద్దున్నే లేచినవాడు ఆ రోడ్డు అంచునో, లైట్లు లేని పుంత రోడ్డులోనో నడవాలి. వీధిలో నడుద్దామంటే కుక్కలు. హైస్కూలు గ్రౌండు చాలా ఊళ్లలో బడి వేళకే తెరుచుకుంటుంది. మగవాళ్లు ఏదో ఒక దారి చూసుకుంటారు. నలభై దాటిన ఇల్లాలు తెల్లవారకముందు ఒంటరిగా రోడ్డెక్కాలంటే ముందు ఇంట్లో ఒప్పుకోవాలి, తర్వాత వీధి ఒప్పుకోవాలి, ఆ తర్వాత లైటు వెలగాలి. ఆడవాళ్లలోనే కదలిక తక్కువని చెప్పే అంకెల వెనక బద్ధకం ఒక్కటే లేదు, సురక్షితం కాని దారి కూడా ఉంది.

ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది మరో ముడి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తానే వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు నూటికి 54 మంది. మిగిలినవాళ్లకు ఆ ఫోన్ భర్తదో కొడుకుదో. కొడుకు తాడేపల్లిగూడెం కాలేజీకో ఏలూరు పనికో తీసుకెళ్లిపోయిన ఫోన్‌కు తల్లి కోసం పంపిన సందేశం ఆమెకు ఎప్పుడు చేరుతుంది? చదువురాని పెద్దావిడకు అక్షరాల సందేశం ఏం పనికొస్తుంది? యాప్ దింపుకోమంటే పాత ఫోన్లో చోటు ఉండదు. అందుకే మాకు కావలసింది మాట్లాడే ఫోన్ కాల్. తెలుగులో, గోదావరి యాసలో, నిమిషం మించకుండా. అందరూ ఇంట్లో ఉండే సాయంత్రం వేళ, వారానికి రెండుసార్లకు మించకుండా.

చెప్పే మాట కూడా మా రోజులకు తగ్గట్టు ఉండాలి. రోజుకు 10 వేల అడుగులన్న అంకె 1965 నాటి జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం అమ్మకానికి పుట్టింది. అది శాస్త్రం గీసిన గీత కాదు. తర్వాతి అధ్యయనాలు 60 దాటినవారికి రోజుకు 6 నుంచి 8 వేల అడుగుల దగ్గరే మేలు చాలావరకు అందుతుందని చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొగాకు తోటలో వంగి పని చేసిన ఆడమనిషికి ఇంకో నాలుగు వేల అడుగులు వెయ్యమని ఫోన్ చెబితే అది అవమానం. ఆమెకు కావలసింది ఉప్పు గురించిన మాట, మందు మానొద్దన్న మాట, నిద్ర గురించిన మాట. రోహిణి కార్తెలో పది గంటలకు నడవమని చెబితే అది ప్రమాదం. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, ఉప్పుచేప, అప్పడం కలిసిన మా కంచంలో అది ఎక్కడ దాటుతుందో మా భాషలో మాకు చెప్పేవాడు కావాలి.

మీకు జనాన్ని కదిలించడం చేతకాదని ఎవరూ అనరు. 2025 మే 21 నుంచి జూన్ 21 దాకా యోగాంధ్ర పేరుతో ఊరూరా చాపలు పరిచారు. విశాఖ తీరంలో లక్షల మందిని కూర్చోబెట్టారు. అధికార యంత్రాంగం అంతా ఒక పని మీద నిలబడితే ఏమవుతుందో చూశాం. మా ప్రశ్న జూన్ 22 గురించి. ఆ మర్నాటి నుంచి ఆ చాపలు ఎక్కడున్నాయి? నమోదైన పేర్లలో ఎంతమంది ఆరు నెలల తర్వాత కూడా చేస్తున్నారో ఎవరైనా అడిగారా? సింగపూర్ ప్రభుత్వం 2015లో జాతీయ అడుగుల పోటీ మొదలుపెట్టి, నడిచినవారికి సరుకులు కొనుక్కునే కూపన్లు ఇచ్చింది. అయితే ఆ దేశంలో చెట్ల నీడన కాలిబాటలు, పైకప్పు ఉన్న నడక దారులు ముందే ఉన్నాయి. అడుగుకు బహుమతి ఇచ్చే ముందు అడుగుకు నేల ఇచ్చారు.

మా కోరికలు ఇవి. ఇవి పెద్ద బడ్జెట్ అడిగేవి కావు.

ఒకటి. నల్లజర్ల మండలాన్ని ఒక ఏడాది ప్రయోగ మండలంగా తీసుకోండి. కొత్త యాప్ వద్దు. ఇప్పటికే ఉన్న ఎన్‌సీడీ పోర్టల్లో ఒళ్లు కదపడం లేదని తేలినవారికి, బీపీ షుగరు ఉన్నవారికి, వారు ఒప్పుకుంటేనే తెలుగు వాయిస్ కాల్స్ పంపండి. మొదటి మాట మాత్రం విలేజ్ క్లినిక్‌లో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి.

రెండు. ఆ పనిని ఆశా నెత్తిన ఊరికే పెట్టొద్దు. నెలకు పది వేల గౌరవ వేతనానికి గర్భిణుల దగ్గర నుంచి జ్వరాల సర్వే దాకా ఇప్పటికే చాలా చేస్తున్నారు. ఊళ్లో వారానికి మూడు రోజులు నడక బృందం నడిపినందుకు విడిగా సొమ్ము ఇవ్వండి. డ్వాక్రా సంఘాలను అందులో కలపండి. పదిమంది కలిసి వెళ్తే ఆడవాళ్లకు దారి భయం తగ్గుతుంది.

మూడు. మండలంలోని ప్రతి జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండునూ ఉదయం 5 నుంచి 7 దాకా, సాయంత్రం బడి వదిలాక తెరిచి ఉంచమని ఉత్తర్వు ఇవ్వండి. నాలుగు లైట్లు, ఒక మరుగుదొడ్డి, తాగే నీళ్లు. వీలున్న ఊళ్లలో చెరువు గట్టును చదును చేయించండి. జాతీయ రహదారి సర్వీసు రోడ్లకు దీపాలు వేయించండి.

నాలుగు. ఫోన్ ఎవరినైనా క్లినిక్‌కు పంపితే అక్కడ 30 రోజుల మాత్రలు ఉండాలి. ఏ రోజు మందులు లేవో ఆ రోజు కాల్స్ ఆపేయండి. 104 బండి వచ్చే తేదీ, డాక్టరు ఉండే వేళ ఆ కాల్‌లోనే చెప్పండి.

ఐదు. 2022లో జిల్లాలు విడగొట్టాక మా ఊరు తూర్పు గోదావరిలో ఉంది. దగ్గరి పట్నం తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో, మేము వెళ్లే పెద్దాసుపత్రుల్లో ఒకటి ఏలూరు జిల్లాలో. మా బీపీకి ఆ సరిహద్దులు తెలియవు. ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు చూపిస్తే మూడు జిల్లాల్లో ఎక్కడైనా మా పాత కాగితం కనబడేలా చూడండి.

ఆరు. మా షుగరు అంకె మాది. దాన్ని పింఛనుతో, రేషన్‌తో ముడిపెట్టొద్దు. బీమా కంపెనీకో మందుల కంపెనీకో చేరకూడదు. 2023 డేటా రక్షణ చట్టం చెప్పినట్టు దేనికి తీసుకుంటున్నారో చెప్పండి; అది తెలుగులో చదివి వినిపించి ఒప్పుకోలు అడగండి. వద్దన్నవాడికి వైద్యం తగ్గకూడదు. ఆడపిల్ల పెళ్లి సంబంధం దగ్గర జబ్బు పేరు ఎంత దూరం పోతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఏడు. విజయాన్ని డౌన్‌లోడ్‌లతో, పంపిన కాల్స్‌తో కొలవొద్దు. ఏడాది మొదట్లో ఎంతమందికి బీపీ అదుపులో ఉంది, చివర్లో ఎంతమందికి ఉంది? వారానికి 150 నిమిషాలు దాటినవారు ఎంతమంది, అందులో ఆడవాళ్లు ఎంతమంది? స్మార్ట్ హెల్త్ పరిశోధకులు తమకు నచ్చని ఫలితాన్ని కూడా అచ్చువేశారు. ప్రభుత్వం దగ్గర కూడా మేము ఆ నిజాయితీనే ఆశిస్తున్నాం.

అయ్యా, సంజీవని మా మండలానికి రావడానికి ఇంకా కొంత సమయం ఉంటే ఆ సమయాన్ని వృథా చేయకండి. గ్రౌండు గేటుకు తాళం తీయడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కలెక్టర్ గారి సంతకం ఒక్కటి చాలు. మూడో కోరికతో మొదలుపెట్టండి. ఏటా ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దినోత్సవం నాడు గ్రామసభ జరుగుతుంది. వచ్చే సభలో మా సచివాలయం గోడ మీద ఈ ఏడు అంశాల ఎదురుగా ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అని రాసి పెట్టించండి. అయిన వాటికి చప్పట్లు కొడతాం. కాని వాటికి జవాబు అడుగుతాం. మా వంతుగా ఉదయం ఐదింటికి గేటు దగ్గర ఉంటాం.

ఇట్లు,
నల్లజర్ల మండల పౌరుడు